అంచు చూసి పరుపు

తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి గేదెను తెచ్చుకోవాలన్నారు పెద్దలు. మరి పరుపును? మనమైతే షాపులో నడిమధ్యన అరచేత్తో నొక్కి, మెత్తగా ఉంటే బేరం మొదలుపెడతాం. అంచు వైపు చూడనే చూడం.

మెట్రో రెడ్ లైన్‌కు ఒక కొస మియాపూర్. హైటెక్ సిటీ వైపు ఉద్యోగాలకు వెళ్లే కుర్రాళ్లు, అమ్మాయిలు ఇక్కడి హాస్టళ్లలో, అద్దె గదుల్లో బోలెడంతమంది. ఇరుకు గదిలో కుర్చీకి చోటెక్కడ? టిఫిన్ తినడం, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోవడం, బూట్లు వేసుకోవడం, అన్నీ పరుపు అంచు మీదే. ఆ లాగుడంతా పడేది అక్కడి కుట్టు మీద.

వెనకటికి దూదేకులవారు బూరుగు దూది ఏకి, గుడ్డలో కూరి, పెద్ద సూదితో చుట్టూ గట్టులా వచ్చేట్టు కుట్టేవారు. దూది పక్కలకు జారకుండా ఆ గట్టే ఆపేది. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో అంచు పని టేప్ ఎడ్జ్ మిషన్‌ది. పై గుడ్డనూ పక్క పట్టీనీ కలిపి, వాటి మీద టేపు మడిచి కుట్టేస్తుంది. పైన ఒక చుట్టు, కింద ఒక చుట్టు.

ఇక లెక్కకొద్దాం. 78 అంగుళాల పొడవు, 72 అంగుళాల వెడల్పు ఉన్న పరుపుకు రెండు చుట్లూ కలిపి 50 అడుగుల కుట్టు, 8 మూలలు. వెడల్పు 36 అంగుళాలే ఉన్న సింగిల్ పరుపుకు 38 అడుగులు. మూలలు మాత్రం అవే 8. అంటే పరుపు సగమైంది గానీ పని సగం కాలేదు. సగం ధరకే సింగిల్ పరుపులు ఒప్పుకునే చిన్న తయారీదారు దెబ్బతినేది ఇక్కడే.

ఫోమ్ కోత, క్విల్టింగ్ ఎంత జోరుగా సాగినా, అంచు మిషన్ దగ్గర సరుకు పేరుకుపోతే లాభమేంటి? 1984లో వచ్చిన ‘ది గోల్’ నవలలో ఎలియాహు గోల్డ్‌రాట్ చెప్పింది ఇదే: అన్నిటికన్నా నెమ్మదిగా సాగే పనే ఫ్యాక్టరీ మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. పరుపుకు 6 నిమిషాలు పడుతుందనుకుందాం. 8 గంటల్లో 80 అవుతాయి. ఒక్క నిమిషం మిగిలితే 96.

ఆ నిమిషం ఎక్కడ దొరుకుతుంది? మూల దగ్గర మాత్రం కాదు. అక్కడ చెయ్యి నెమ్మదించాల్సిందే. లేకపోతే టేపు ముడతపడుతుంది, కుట్టు తప్పుతుంది. విప్పి మళ్లీ కుట్టేసరికి మిగిలిన నిమిషం వడ్డీతో సహా పోతుంది. పరుపు తిప్పడానికి పక్కన ఒక మనిషి, అయిపోకముందే సిద్ధంగా ఉన్న టేపు చుట్ట, కొలత తప్పకుండా ముందే కత్తిరించిన పట్టీలు, ఇవి ఉంటే నిమిషం దానంతటదే మిగులుతుంది. ఫోమ్ పరుపులకైతే జిప్పు కవరు ఇంకో దారి. బరువు లేకుండా కవరును విడిగా కుట్టుకుని, తర్వాత తొడిగేయొచ్చు.

పీసుకింత అని కూలి కట్టే యజమానులు ఒకటి ఆలోచించాలి. విప్పి కుట్టిన దానికి డబ్బులివ్వకపోతే, తప్పు కనబడినా కార్మికుడు చూడనట్టే ఊరుకుంటాడు. ఆ తప్పు నేరుగా మన మంచం మీదికొస్తుంది.

కాబట్టి ఈసారి పరుపు కొనేటప్పుడు నాలుగు మూలలూ తడమండి. టేపు వెడల్పు అంతటా ఒకేలా ఉందా, దారం ఎక్కడైనా వదిలేసిందా, టేపు అతుకు మూల మీద పడిందా చూడండి. అంచు మీద ఓ రెండు నిమిషాలు కూర్చోండి. బేరం ఆ తర్వాతే!