మోతాదే అసలు మందు

సంతానం కోసం వాడే హార్మోన్ల విషయంలో సూది కన్నా ముఖ్యం, దాన్ని ఎప్పుడు ఆపాలో తెలియడం

రాయపూర్‌లో పండరీ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది బట్టల మార్కెట్టే. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే చుట్టుపక్కల ఊళ్ల వారంతా చీరల కోసం దిగేది అక్కడే. ఛత్తీస్‌గఢ్‌లో స్థిరపడిన తెలుగువారూ అందుకు మినహాయింపు కాదు. జిల్లా ఆస్పత్రి ఉన్నదీ పండరీలోనే. పెళ్లయి రెండు మూడేళ్లు గడిచి, ‘ఇంకా విశేషమేమీ లేదా?’ అన్న పలకరింపులు మొదలయ్యాక అవే కుటుంబాలు ఈసారి డాక్టర్ల కోసం రాజధాని బాట పడతాయి. చేతికొచ్చే మందుల చీటీలో మొదట మాత్రలుంటాయి, తర్వాత సూదులుంటాయి. అవి ఏ హార్మోన్లు? ఎంత మోతాదు? ఎప్పుడు ఆపాలి? చీటీ అందుకున్న దంపతులు అడగాల్సిన ప్రశ్నలు ఈ మూడే.

నిజానికి ఏ హార్మోన్ సూదీ బిడ్డను ఇవ్వదు. అండాన్ని పెంచడం వరకే దాని పని. ప్రతి నెలా అండాశయంలో ఫాలికల్స్ అనే చిన్న నీటి సంచులు కొన్ని పెరగడం మొదలుపెడతాయి. వాటిని పెంచేది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి వదిలే ఎఫ్‌ఎస్‌హెచ్. కొద్ది రోజులకు ఆ హార్మోన్ తగ్గిపోతుంది. దాంతో ఒకటి మాత్రం నిలదొక్కుకుని అండాన్ని విడుదల చేస్తుంది, తక్కినవి వాడిపోతాయి. క్లోమిఫిన్, లెట్రోజోల్ మాత్రలు మెదడును ఏమార్చి ఎఫ్‌ఎస్‌హెచ్‌ను ఎక్కువగా విడుదల చేయిస్తాయి. సూదులు ఆ హార్మోన్‌ను నేరుగా ఒంట్లోకి ఎక్కిస్తాయి. అందుకే ఒకటికి బదులు పది అండాలూ పక్వానికి రావచ్చు. ఐవీఎఫ్‌లో అది లాభమే. సహజంగానో, ఐయూఐ పద్ధతిలోనో గర్భం కోసం చూస్తున్నవారికి మాత్రం అదే ముప్పు. ఇద్దరు, ముగ్గురు ఒకేసారి కడుపున పడితే తల్లికీ పిల్లలకూ ప్రమాదమే. ఫాలికల్స్ మితిమీరి పెరిగిన నెలలో ప్రయత్నాన్నే మానుకోమని చెప్పే డాక్టరు నిజానికి మేలు చేస్తున్నట్టు.

ఈ సూదుల చరిత్రలో మన దేశానికీ చోటుంది. 1978 జూలైలో ఇంగ్లండ్‌లో పుట్టిన ప్రపంచపు తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు కోసం అండాశయాన్ని ప్రేరేపించే హార్మోన్లేవీ వాడలేదు. సహజంగా పెరిగిన ఒక్క అండాన్నే సేకరించారు. అదే ఏడాది అక్టోబరు 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ చేతుల మీదుగా దేశంలో తొలి టెస్ట్‌ట్యూబ్ పాప పుట్టింది. ఆయన హార్మోన్ సూదులతో అండాలను పెంచి, పిండాన్ని శీతలీకరించి, మరో నెలలో గర్భంలో ప్రవేశపెట్టారు. ఇవాళ ఐవీఎఫ్ కేంద్రాల్లో మామూలైపోయిన పద్ధతులివి. అప్పటి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం వేసిన కమిటీ మాత్రం ఆయన మాట నమ్మలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. 1997లో శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్ ఆ కాగితాలు పరిశీలించి ఘనత ఆయనదేనని చాటారు.

మందుల విషయంలోనూ తొందరపాటు నిర్ణయాలు తక్కువేం కాదు. రొమ్ము క్యాన్సర్ మందుగా వచ్చిన లెట్రోజోల్‌ను సంతాన చికిత్సలో వాడకూడదని కేంద్రం 2011లో నిషేధించింది. 2014లో అమెరికాలో పీసీఓఎస్ ఉన్న 750 మంది మహిళలపై జరిపిన అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం మందికి, క్లోమిఫిన్ వాడినవారిలో 19.1 శాతం మందికి పిల్లలు పుట్టారు. 2017లో నిషేధం తొలగిపోయింది. నూటికి డెబ్బై మందికి పైగా ఏ మాత్రతోనూ ఫలితం దక్కలేదన్నది కూడా ఆ లెక్కల్లోనే ఉంది.

సూదులతో అసలు భయం అండాశయాలు అతిగా స్పందించడం. ఓహెచ్‌ఎస్‌ఎస్ అనే ఈ స్థితిలో రక్తనాళాల్లోంచి నీరు కారి పొట్టలో చేరుతుంది. ఊపిరాడదు, మూత్రం తగ్గుతుంది, రక్తం గడ్డలు కట్టవచ్చు. ప్రాణాల మీదికి రావడం అరుదే కానీ అసాధ్యం కాదు. వయసులో చిన్నవారికి, పీసీఓఎస్ ఉన్నవారికి ముప్పు ఎక్కువ. నివారణ డాక్టరు చేతిలో ఉంది. తక్కువ మోతాదుతో మొదలుపెట్టడం, రెండు మూడు రోజులకోసారి స్కానింగ్ చేయడం, అండాలు ఎక్కువైతే చివర్లో ఇచ్చే హెచ్‌సీజీ సూదికి బదులు వేరే సూది వాడడం, పిండాలను శీతలీకరించి ఆ నెలకు ఆగడం. స్కానింగ్ సౌకర్యం లేని ఊళ్లో ఉండి, చీటీ పట్టుకుని సూదులు వేయించుకోవడం ఇందుకే ప్రమాదం.

భార్యకు సూదులు మొదలుపెట్టే ముందు భర్తకు వీర్య పరీక్ష జరగాలి. లోపం మగవారిలోనూ ఉండొచ్చన్న మాట చాలా ఇళ్లలో ఇప్పటికీ మింగుడుపడదు. బలానికని జిమ్‌లో తీసుకునే టెస్టోస్టిరాన్ సూదులు వీర్యకణాల తయారీనే ఆపేస్తాయి. మగతనం పెంచుతుందనుకున్న హార్మోనే తండ్రి కాకుండా అడ్డుపడుతుందన్న మాట.

హార్మోన్లతో ఏ వయసులోనైనా తల్లి కావచ్చన్న భ్రమకు 2019 సెప్టెంబరు నాటి గుంటూరు కాన్పు ఊతమిచ్చింది. డెబ్బై ఏళ్లు దాటిన తూర్పు గోదావరి మహిళ కవలలను కన్నారు. అయితే అండం దాతది. హార్మోన్లు గర్భసంచిని సిద్ధం చేశాయే తప్ప ఆగిపోయిన అండాశయాలకు ప్రాణం పోయలేదు. 2021 నాటి ఏఆర్‌టీ చట్టం ఇలాంటి చికిత్సలకు స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్ల హద్దు గీసింది. అండదాత జీవితంలో ఒక్కసారే, ఏడు అండాలకు మించకుండా ఇవ్వాలంది. సొంత బిడ్డ కోసం సూదులు వేయించుకునే మహిళకు మాత్రం అలాంటి హద్దేమీ చట్టంలో లేదు. అక్కడ కాపలా డాక్టరు విచక్షణ, దంపతుల జాగ్రత్తలే.

పండరీ మార్కెట్‌లో చీర కొనేవారు కొంగు నుంచి అంచు దాకా విప్పి చూడనిదే డబ్బివ్వరు. ఒంట్లోకి ఎక్కే మందు విషయంలో అంతకన్నా తక్కువ అడగాల్సిన పనిలేదు.