పాలకొల్లు మాండొలిన్, మా అమ్మాయి గిటారు

పదో తరగతి పరీక్షలని చెప్పి నవంబరులో మా అమ్మాయి గిటారు అటకెక్కించాను. బయట అరకంతా వలిసెపూలు పచ్చగా విరగబూసి ఉన్నాయి, ఇంట్లో మాత్రం మాటల్లేవు. పోట్లాడుతుందనుకున్నాను, పోట్లాడలేదు. రాత్రి చదువు అయ్యాక దుప్పటి కప్పుకుని, ఫోనులో వీడియో పెట్టుకుని, చెక్క స్కేలు మీద ఎడమచేతి వేళ్ళు కదుపుతూ కూర్చునేది. ఆ చలిలో ఉత్త స్కేలు మీద గిటారు వాయించే పిల్లను చూస్తే తల్లి మనసు ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా!

ఆ వీడియోలో ముగ్గురు మనుషులు, మూడు గిటార్లు. స్పెయిన్‌కు చెందిన పాకో డి లూసియా, ఇంగ్లండ్ ఆయన జాన్ మెక్‌లాఫ్లిన్, అమెరికా ఆయన ఆల్ డి మియోలా. పాకోది ఫ్లమెంకో, దక్షిణ స్పెయిన్‌లో జిప్సీ కుటుంబాలు పెంచి పెద్దచేసిన సంగీతం. మిగిలిన ఇద్దరూ జాజ్ ఫ్యూజన్ వాళ్ళు. 1980 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ ముగ్గురూ చేసిన కచేరీ రికార్డుగా వచ్చి లోకమంతా తిరిగింది.

"వీళ్ళతో మనకేం పనే?" అన్నాను.

"ఈ మెక్‌లాఫ్లిన్ మీ ఊరాయనతో కూడా వాయించాడమ్మా" అంది.

మీ ఊరాయన అంటే మాండొలిన్ శ్రీనివాస్. నా పుట్టిల్లు పాలకొల్లు పక్క పల్లె. మా చిన్నప్పుడు తెల్లవారుజామున గుడి మైకులో వచ్చేది ఆ మాండొలినే. ఆయన 1969లో పాలకొల్లులో పుట్టారు, తొమ్మిదేళ్ళకు గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ చేశారు. ఇవన్నీ నాకు తెలుసు. 1983లో పద్నాలుగేళ్ళ పిల్లాడిగా బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతం వాయించి వచ్చారనీ, తర్వాత మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి' బృందంలో దేశాలు తిరిగారనీ మాత్రం నా కూతురు చెబితే తెలిసింది. బి.ఏ. తెలుగు చదివినదాన్ని కదా, ఫ్యూజన్ అంటే కలగాపులగం అని కొట్టిపారేసే అలవాటు నాకు.

గిటారు మన వాయిద్యమా, ఆడపిల్లకి వీణ నేర్పించొచ్చుగా అని మా చుట్టాలు అంటూనే ఉంటారు. అలా అనేవాళ్ళే పెళ్ళిలో వయొలిన్ వింటే కళ్ళు మూసుకుని తలూపుతారు. వయొలిన్ ఎక్కడి నుంచి వచ్చింది? యూరప్ నుంచి. దాన్ని మనది చేసిన మహానుభావుల్లో ఒకరు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు, ఇక్కడికి దగ్గర్లో విజయనగరంలోనే మహారాజా సంగీత కళాశాలలో పాఠం చెప్పారు. మాండొలినూ అంతే. జంట తీగలతో టకటకమని మోగే వాయిద్యం మీద గమకం ఎలా పలుకుతుంది? శ్రీనివాస్ జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకుని, కరెంటు మాండొలిన్ మీద పలికించారు. వాయిద్యానికి ఊరూ పేరూ ఉండవండీ, పట్టుకున్న చేతికి ఉంటాయి.

అలాగని ఈ కథలో నాకు అంతా నచ్చిందని కాదు. శ్రీనివాస్ నాన్నగారు సత్యనారాయణ గారు స్వయంగా వాద్యకారుడు. పాకో తండ్రీ గిటారిస్టే, కొడుకు చేత రోజూ గంటల తరబడి సాధన చేయించాడు. ఆ పట్టుదల వల్లే మనకు ఆ సంగీతం దక్కిందంటారు, నిజమే కావచ్చు. కానీ నా పిల్ల బాల్యాన్ని అంత ధరకు నేను అమ్మలేను. 2014 ఫిబ్రవరిలో పాకో పోయారు, సెప్టెంబరులో శ్రీనివాస్ పోయారు, నలభై అయిదేళ్ళకే. ఆ వార్త విన్నరోజు మా అమ్మ ఫోను చేసి ఏడ్చింది.

నాకు బాగా నచ్చినవారు ఇంకొకరున్నారు, గురువుగారు రుద్రరాజు సుబ్బరాజు గారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. మాండొలిన్ వాయించడం ఆయనకు రాదు. పాడేవారు. పిల్లాడు విని తీగ మీద వెతుక్కునేవాడు. అంతే పాఠం!

ఇది చదివాక నా సాకు ఒకటి ఎగిరిపోయింది. అరకులో గిటారు మాస్టారు లేరు, విశాఖ వెళ్ళాలంటే సొరంగాలు దాటుకుంటూ రైల్లో నాలుగు గంటలు, కాబట్టి నేర్పించలేం అని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. నాకు గిటారు రాదు. పాట వచ్చు కదా? చిన్నప్పుడు నేర్చుకున్న బిలహరి స్వరజతి ఇంకా నోట్లోనే ఉంది.

సంక్రాంతి వెళ్ళాక గిటారు దింపాను. అన్నాలయ్యాక అరగంట, మళ్ళీ పుస్తకాలు. మా ఆయన మార్కులు తగ్గుతాయేమో అన్నారు. తగ్గితే నేను సమాధానం చెబుతానన్నాను. పోపు వేస్తూ నేను ఒక ముక్క పాడతాను, అది హాల్లో కూర్చుని ఆ స్వరం ఎక్కడుందో తడుముకుంటుంది. నా శ్రుతి పోతే నవ్వుతుంది కూడా.

ఫ్లమెంకోలో తీగ మీటుతూనే వేలితో గిటారు చెక్క మీద కొడతారట. మొన్న దానికి అదే సరదా పుట్టింది. కింద వీధిలో థింసాకు మోరి, తుడుము, డప్పు మోగుతున్నాయి. ఇది కిటికీ దగ్గర నిలబడి ఆ దెబ్బనే చెక్క మీద వేస్తోంది. మూడుసార్లు తప్పింది. నాలుగోసారి కూర మాడిన వాసన వచ్చేదాకా నేనూ అక్కడే నిలబడిపోయాను.