ఇసుక మనది, కొలత యెవరిది?

భీమునిపట్నము మొదలు కళింగపట్నము వరకు గల యిసుకలో మోనజైటు కలదనియు, అందు థోరియము కలదనియు, కావున రాబోవు శతాబ్దము మనదే యనియు సభలలో నుపన్యసించువారు నానాటికి హెచ్చుచున్నారు. ఇసుక యున్నమాట నిజమే. పార్లమెంటునకు దెలిపిన లెక్కలలో మోనజైటు నిలువలందు ఆంధ్రతీరమునకే ప్రథమస్థానము. కాని థోరియము తనంత తాను శక్తి నీయదు. న్యూట్రానును గ్రహించి యురేనియం-233గా మారవలయును. అందుకు మిగుల ననుకూలమని చెప్పబడు అణుకొలిమి కరగిన యుప్పుతో నడచునది. ఆ యుప్పును గూర్చి యీ వక్తలు ఒక్కమాటయు బలుకరు!

లిథియము, బెరీలియము ఫ్లోరైడులను కరగించి, అందు యురేనియము ఫ్లోరైడును కలుపుదురు. ఆ ద్రవముననే వేడి పుట్టును; ఆ ద్రవమే వేడిని మోయును. నీటి కొలిమికి వలసిన గొప్ప పీడనము దీనికి నక్కరలేదు. సమాన పరిమాణమున జూచిన నిది నీటియంత వేడిని, సోడియముకంటె నాలుగురెట్ల వేడిని మోయగలదు. ఇవి గుణములు, వీనిని మేము దాచము. దోషములనో, భక్తులు దాచుచున్నారు. ఇంధనము కలుపని యీ లవణమిశ్రమము 459 డిగ్రీలకే గడ్డకట్టును. 1985లో వెలిగిన కల్పాక్కము కొలిమిలో మనవారు వాడిన సోడియము 98 డిగ్రీలకే కరగును గదా! గొట్టమున నొక్కచోట వేడి తగ్గెనా, ఉప్పు రాయివలె బిగిసికొనును. సోడియముయొక్క ఉష్ణవాహకత దీనికంటె ఏబదిరెట్లకు మించినది. 700 డిగ్రీలవద్ద సయితము దీని చిక్కదనము మామూలు నీటికి అయిదారురెట్లు. వేడిచోట లోహమునుండి క్రోమియమును కరగించి చల్లనిచోట పేర్చును. లిథియమునుండి పుట్టు ట్రిటియము కాగిన లోహపు గోడలగుండనే వెలికి జారును.

అమెరికాలో ఓక్ రిడ్జి ప్రయోగశాలవారు 1965లో నిట్టి కొలిమిని వెలిగించి 1969 వరకు నడిపిరి. 10 మెగావాట్లకని దానిని రచించిరి. నడచినది ఎనిమిదికి లోపలనే. ఏల? వేడిని గాలికి విడుచు రేడియేటరు లెక్కకు సరిగా పనిచేయలేదు. వేడిని ఒక యుప్పునుండి వేరొక యుప్పునకు మార్చు యంత్రమును లెక్కకు తక్కువే పనిచేసెను. శోధించిచూడగా, ఉప్పుయొక్క ఉష్ణవాహకతకు తాము గ్రహించిన సంఖ్యయే పెద్దదని తేలెను! ఆ విద్యకు ఆద్యులైనవారే యొక్క సంఖ్యచే నిట్లు మోసపోగా, వారి నివేదికలలోని సంఖ్యల నెత్తివ్రాసికొని మనము యంత్రమును గట్టుదుమా? కొలిమి ఆగిన పిదప, ఇంధనపు టుప్పు తగిలిన హాస్టెలాయ్-ఎన్ లోహమున టెల్లూరియమువలన సన్నని పగుళ్లు గానవచ్చెను. దానినిగూడ దాచక ప్రచురించుట వారి గొప్పతనము.

చైనావారు ఆ నివేదికలను జదివి యూరకుండలేదు. 2011లో పూనుకొని, గాన్సు రాష్ట్రమందలి వూవై యెడారిలో 2 మెగావాట్ల కొలిమిని గట్టి, 2023 అక్టోబరులో వెలిగించిరి; 2024లో థోరియమును జేర్చిరి. 2 మెగావాట్లు ఒక చిన్న పట్టణమునకైనను చాలవని నవ్వువారు గలరు. ఆ చిన్నదనమే వారి తెలివి. మన ట్రాంబే శాస్త్రజ్ఞులును ఉప్పు తిరుగు గొట్టపు వలయములను నడిపిరి, లవణద్రవ కొలిమికి రూపకల్పన చేసిరి. వారి పాండిత్యమున లోపము లేదు. లోపము ద్రవ్యమును, గడువును నిర్ణయింపని పాలకులయందున్నది.

అన్యులు సిద్ధముచేసిన పిమ్మట కొనుక్కొందమని కొందరు మేధావుల సలహా. 1930లో గుప్పెడుప్పుకై చెరసాలల కేగిన జాతికి చెప్పదగిన సలహాయా యిది? యంత్రమును కొనవచ్చును, దాని గోడ యేల పగిలెనో తెలిసికొను నేర్పును అమ్మువారు లేరు. చిన్నదైనను ఒక పరీక్షాకొలిమికి వెంటనే ద్రవ్యము కేటాయింపవలయును. మన యుప్పును మనమే కొలిచి, వాహకతను, చిక్కదనమును, లోహక్షయమును ప్రచురింపవలయును. మన పార్లమెంటు సభ్యులు రాబోవు సమావేశమున ఇసుక యెన్ని టన్నులని గాక, కరగిన ఫ్లోరైడును ఎన్ని గంటలు త్రిప్పితిరి, గొట్టము ఎంత యరిగెనని మంత్రిగారిని అడుగుదురు గాక.