పందుంపుల్ల ఎరగని నోళ్ళు

ఎడ్ల సంతలో బేరగాడు ముందు చూసేది నోరే. ఒక చేత్తో ముక్కుతాడు బిగపట్టి, రెండో చేత్తో కింది పెదవి లాగి, రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, ఆరు పళ్ళదా అని వయసు తేల్చేస్తాడు. ఎద్దుకు ముందుపళ్ళు కింది దవడకే, ఎనిమిది. పైన గట్టిపడ్డ చిగురు తప్ప ఏమీ ఉండదు. ఏనాడూ పందుంపుల్ల ఎరగని ఆ నోట్లో పుచ్చిన పన్ను కనబడడం అరుదు.

సగం మహిమ లాలాజలానిది. పాడి ఆవు నోట రోజుకు వంద లీటర్లకు పైగానే ఊరుతుంది, అందులో వంటసోడా జాతి క్షారం. నెమరు వేస్తున్నంతసేపూ నోరు పుక్కిలిస్తున్నట్టే. దానికి తోడు వరిగడ్డి గరుకు పంటిని రుద్దుతూనే ఉంటుంది, అరగదీస్తుంది కూడా. మిగతా సగం తిండిది. నోట్లోని బాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మారిస్తేనే కదా ఎనామిల్ కరిగేది! గడ్డి మేసే నోటికీ, మాంసం పీక్కుతినే నోటికీ ఆ సరుకు పెద్దగా అందదు. అందితే అడవి మృగానికీ మినహాయింపు లేదు. పండ్లూ తేనే మరిగిన ఎలుగుబంట్లకు పుచ్చుపళ్ళున్నాయి.

అసలు తెలుపే ఆరోగ్యమని ఎవరన్నారు? ఎలుక ముందుపళ్ళు నారింజ రంగులో ఉంటాయి. ఎనామిల్‌లో చేరిన ఇనుము ఇచ్చిన రంగది, గట్టితనమూ దాని చలవే. ఏనుగుకు దవడపళ్ళు ఆరు విడతలుగా వస్తాయి. ఆఖరు విడతా అరిగిపోయాక మేత నమలలేక చిక్కి చస్తుంది. అడవిలో నోరు చెడ్డ జంతువు ఎక్కువ కాలం బతకదు. మన కంటబడి అబ్బురపరిచేవి చాలామటుకు బతికి బట్టకట్టినవే.

మన నీళ్ళు తాగి, మన ఇంట్లో తిరిగేవాటి సంగతి వేరు. ఫ్లోరైడ్ మితిమీరిన నల్లగొండ పల్లెల్లో మనుషుల పళ్ళ మీద పడ్డ గోధుమరంగు చారలే పశువుల పళ్ళ మీదా పడ్డాయి. ఇక పెంపుడు కుక్కలకు పళ్ళు పుచ్చడం తక్కువే గానీ, గార పట్టి చిగుళ్ళు చెడడం మామూలు. అందుకే వాటికిప్పుడు కోడిమాంసం రుచితో టూత్‌పేస్టులు అమ్ముతున్నారు. నవ్వొచ్చినా కొనుక్కోవాల్సిందే. మన పేస్టుతోనే తోమేద్దామనుకుంటే మాత్రం ప్రమాదం; కొన్నిటిలో తీపి కోసం వేసే జైలిటాల్ కుక్కకు విషం.