తూము ఇచ్చినంతే నీరు

మొన్న ఆదివారం పొద్దున్నే మా మేనల్లుడు ఊడిపడ్డాడు. హనుమకొండలో ఇంజనీరింగు వెలగబెడుతున్నాడు. చేతిలో ఓ చిట్టా.

"మామయ్యా, ఆటల కంప్యూటరు కట్టుకుంటున్నాను. గ్రాఫిక్స్ కార్డులు ఒకటి కాదు, రెండు! రెండూ ఆర్‌టీఎక్స్ 3090లే. సెకండుహ్యాండులో దొరుకుతున్నాయి" అన్నాడు.

చిట్టా చిట్టచివర "పవర్ సప్లై, 750 వాట్లు, చవకది" అని ఉంది. డబ్బేమో మా అక్కయ్య చీటీ పాడి తెచ్చింది. నా గుండె గుభేలుమంది.

నాలుగేళ్ళ కిందట నేనూ చవకదే కొన్నాను లెండి. పైన 500 వాట్లని పెద్ద అక్షరాలు. కింద పన్నెండు వోల్టుల దగ్గర 18 ఆంపియర్లని చీమ తలకాయంత అక్షరాలు. హెచ్చవేస్తే 216 వాట్లే! ఓ రాత్రి టప్పుమని పేలింది. పోతూ పోతూ డిస్కునూ తీసుకుపోయింది. మా అమ్మ ఫొటోలు అందులోనే ఉండేవి.

"లెక్క కట్టరా" అన్నాను. "ఒక్కో కార్డు 350 వాట్లు తింటుంది. రెంటికీ 700. ప్రాసెసరు, ఫ్యాన్లు, డిస్కులు కలిపి ఇంకో 250. మొత్తం 950. పైగా ఈ కార్డులు రెప్పపాటు కాలం తమ వంతుకు మించి గుంజుతాయి. 1,200 వాట్లకు తగ్గితే లాభం లేదు."

"అయితే 1,200 అని రాసున్నదే తెస్తాను."

"పెద్ద రాత కాదురా చూడవలసింది! కార్డులకు కూడు పెట్టేది పన్నెండు వోల్టుల దారి. 1,200ను పన్నెండుతో భాగిస్తే వంద. అక్కడ వంద ఆంపియర్లకు దగ్గరగా లేకపోతే ఆ పెట్టె మాట నమ్మకు. మన రామప్ప చెరువు ఎంత పెద్దదైతేనేం, పొలానికి పారేది తూము ఇచ్చినంతే గదా!"

"80 ప్లస్ గోల్డ్ ముద్ర ఉంటే చాలదా?"

"అది కరెంటు ఎంత వృథా కాదో చెబుతుంది. పెట్టె గట్టితనానికి హామీ కాదు. ఇంకోమాట. పెట్టె 1,200 ఇవ్వాలంటే గోడనుంచి 1,300 పైగా లాగుతుంది. మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గుకు 1,380తో సరి. 16 ఆంపియర్ల ప్లగ్గు పెట్టించాలి."

వాడి మొహం చిన్నబోయింది. అసలు మాట అప్పుడు చెప్పాను. 2022లో వచ్చిన 4090కి రెండు కార్డులను కలిపే వంతెనే పెట్టలేదు. ఇప్పటి ఆటలు చాలామటుకు ఒక్క కార్డుతోనే ఆడతాయి. రెండోది ఊరికే కూర్చుంటుంది. కూర్చున్నదానికీ మేత తప్పదు.

సాయంత్రం ఫోను చేశాడు. "మామయ్యా, ఒక్క కార్డే కొంటాను. పేరున్న 850 వాట్ల పెట్టె తీసుకుంటాను."

"మిగిలిన డబ్బు?"

"అమ్మకు ఇచ్చేస్తాను."

ఇచ్చాడో లేదో, వచ్చేవారం అక్కయ్యను అడిగి మీకు చెబుతాను.