ఫోన్ వెనక మూత మళ్లీ ఊడిరావాలి

మా ఆవిడ ఫోన్ కొని మూడేళ్లయింది. మొన్న వేసవిలో బల్ల మీద పెడితే బొంగరంలా తిరగడం మొదలెట్టింది. చూస్తే వెనకభాగం ఉబ్బి, అంచు దగ్గర గోరు దూరేంత సందు. సర్వీస్ సెంటర్‌కు పట్టుకెళ్తే, బ్యాటరీ తీసేటప్పుడు డిస్‌ప్లే పగిలితే తమకు సంబంధం లేదని ముందే సంతకం పెట్టమన్నారు. రెండూ మార్చాల్సి వస్తే అయ్యే ఖర్చుకు ఇంకొంచెం కలిపితే కొత్త ఫోనే వస్తుంది.

చివరికి మా వీధి చివర రిపేరు కుర్రాడే దిక్కయ్యాడు. ఫోన్‌ను వేడి పలక మీద కాసేపు ఉంచి, పల్చటి ప్లాస్టిక్ ముక్కను అంచు పొడుగునా దూర్చి, జిగురు తీగలు సాగుతుంటే ఊపిరి బిగబట్టి మూత లేపాడు. లోపల బ్యాటరీకీ మళ్లీ జిగురే. "స్క్రూలు రెండు నిమిషాల పనండీ, ఈ గమ్ముతోనే గంట పోతోంది" అన్నాడు.

ఆ గమ్ము గురించే ఈ ఉత్తరం.

2007 ఆగస్టులో నోకియా బీఎల్-5సీ బ్యాటరీల గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. మత్సుషిత కంపెనీ చేసిచ్చిన 4.6 కోట్ల బ్యాటరీలు ఛార్జింగ్‌లో వేడెక్కే ప్రమాదం ఉందని నోకియాయే ప్రకటించింది. మా స్కూలు స్టాఫ్‌రూమ్‌లో అందరం గోటితో మూతలు లాగి, బ్యాటరీల మీది నంబర్లు చదువుకుంటూ కూర్చున్నాం. తేడా ఉన్నవాళ్లు బ్యాటరీ ఒక్కటి మార్చుకుంటే సరిపోయేది. 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు అంటుకున్నప్పుడు ఆ వీలు లేదు. బ్యాటరీని విడదీసే దారి లేక ఫోన్లకు ఫోన్లే వెనక్కి రప్పించారు. బదులిచ్చినవీ కాలడంతో అక్టోబరులో ఆ మోడల్‌కే మంగళం పాడారు.

నీళ్లు చొరకుండా అతికిస్తున్నామని కంపెనీల వాళ్లంటారు. 2014 నాటి గెలాక్సీ ఎస్5 మూత గోటితో ఊడేది, అయినా మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకునే ఐపీ67 రేటింగ్ దానికుంది. సన్నదనం కోసమంటే కొంత ఒప్పుకుంటాను. కాకపోతే ఆ సన్నటి ఫోన్‌కు మనమంతా తొడిగేది బొంత లాంటి కవరే కదా!

ఐరోపా సమాఖ్యలో 2027 ఫిబ్రవరి 18 నుంచి ఫోన్ కొన్నవాళ్లే బ్యాటరీని తీసి వేసుకునేలా ఉండాలని చట్టం చేశారు. వెయ్యిసార్లు ఛార్జి చేశాక కూడా 80 శాతం సత్తా నిలిచే, నీళ్లు చొరని ఫోన్లకు అక్కడా సందు వదిలారనుకోండి. ఆ సందులోంచి ఎవరు దూరినా కనీసం బ్యాటరీ గట్టిదవుతుంది. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మే ఫోన్లకు రిపేరు ఎంత సులువో తెలిపే లేబుల్ కూడా తప్పనిసరి.

మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. రిపేరు ఎంత సులువో తెలిపే ఇలాంటి రిపేరబిలిటీ ఇండెక్స్ గురించే వేసిన కమిటీ 2025 మేలో నివేదిక కూడా ఇచ్చింది. మొన్న మా అబ్బాయి కొన్న ఫోన్ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాను. రేడియేషన్ లెక్క ఉంది, మెగాపిక్సెళ్లున్నాయి. బ్యాటరీ మార్చాలంటే ఎంతవుతుందో మాత్రం లేదు. ఫ్రిజ్‌కు కరెంటు నక్షత్రాలు అంటించినట్టే ఫోన్ పెట్టె మీద రిపేరు నక్షత్రాలు, పక్కనే బ్యాటరీ ధర అచ్చువేయడం తప్పనిసరి చేయాలి. కంపెనీ బ్యాటరీలు వీధి చివరి దుకాణాలకూ అమ్మాలి.

మా ఆవిడ ఫోన్ ఇప్పుడు బల్ల మీద కదలకుండా ఉంటోంది. అందులో వేసిన బ్యాటరీ ఎవరు చేసిందని అడిగితే మాత్రం ఆ కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తెనాలి