గురి ఒకటే, దారి మారవచ్చు



మా మందిరపు వాకిట నిలబడితే కోటప్పకొండ ఎదురుగా కనిపిస్తుంది. కొండపైకి మెట్లదారి ఉన్నది, ఘాట్ రోడ్డు కూడా ఉన్నది. మోకాళ్ళ నొప్పులవారు ఘాట్ రోడ్డున వెళితే వారు కొండ చేరలేదని ఎవరూ అనరు. చదువు విషయంలో మాత్రం మనం ఈ సంగతి మరచిపోతాము.

గత ఏడాది నీట్ ఫలితాలు వచ్చిన సాయంత్రం మా సంఘపు కుర్రవాడొకడు ఆ వాకిట్లోనే వచ్చి కూర్చున్నాడు. నరసరావుపేటలో ఇంటర్ బైపీసీ చదివి, రెండేళ్ళు లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకున్నాడు. రెండోసారీ సీటుకు తగిన మార్కులు రాలేదు.

"ఇంకొక్క ఏడాది చదవమంటున్నాడు నాన్న. మిరప డబ్బు రాగానే ఫీజు కడతాడంట. ఇక నావల్ల కాదని ఆయనతో ఎట్లా చెప్పేది అయ్యగారూ?" అన్నాడు.

మేము తల దించుకోవలసి వచ్చింది. సంఘంలో అందరి ముందూ అతణ్ణి "డాక్టరుగారూ" అని పిలవడం మొదలుపెట్టింది మేమే. మేము ముద్దుగా పెట్టిన పేరు అతనికి మోయలేని బరువయింది.

"అసలు డాక్టరు ఎందుకు కావాలనుకున్నావు?" అని అడిగాము.

"అమ్మకు షుగరు. ఏ మాత్ర ఎప్పుడు, ఎందుకు వేసుకోవాలో విడమరచి చెప్పేవాళ్ళు మా ఊళ్ళో లేరు" అన్నాడు.

అతని గురి అదే. డాక్టరు సీటు దానికి ఒక దారి మాత్రమే. అప్పుడు అతనికి యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి చెప్పాము. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివినా, చేతికి వచ్చింది కోరుకున్న ఎం.బి.బి.ఎస్. కాదు, అంతకన్న చిన్నదైన ఎల్.ఎం.ఎస్. ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, తరువాత అమెరికా వెళ్ళి పరిశోధనలో స్థిరపడ్డారు. ఆయన సోదరులను స్ప్రూ వ్యాధి పొట్టన పెట్టుకున్నది. 1940లో ఆయన లెడర్లే సంస్థలో చేరారు. అక్కడి ఆయన బృందమే ఫోలిక్ ఆసిడ్‌ను తయారు చేసింది. ఆ మందు స్ప్రూ రోగులకు పనికివచ్చింది. ఆయన దారులు ఎన్నో మారాయి, రోగాలకు మందు కనిపెట్టాలన్న పట్టు మాత్రం సడలలేదు.

బురుజు కట్టదలచినవాడు ముందుగా ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు బోధించారు (లూకా 14). విద్యార్థులకూ ఆ లెక్క అవసరమే. ఒక నోటు పుస్తకం తీసుకొని మొదటి పేజీలో మీ గురి, దాని కింద అది ఎందుకో వ్రాయండి. ర్యాంకు మన చేతిలో లేదు. ఈ వారం రెండు పాఠాలు పూర్తిచేయడం మన చేతిలో ఉన్నది. కనుక వారపు గురిని మీ చేతిలో ఉన్నదానితోనే పెట్టుకోండి. నెలాఖరున సరిచూసుకోండి. తప్పితే ముందు వేళలు మార్చండి, ఆపైన చదివే పద్ధతి మార్చండి. అప్పటికీ కుదరకపోతే దారి మార్చే మాట ఆలోచించండి. ఎన్నిసార్లు ప్రయత్నించాలో, ఎంత ఖర్చు పెట్టగలరో తల్లిదండ్రులతో కూర్చుని మొదట్లోనే అనుకోండి. అప్పు చేసిన తరువాత ఆ మాట నోటికి రాదు.

మరునాడు అతనితోబాటు వాళ్ళ ఇంటికి వెళ్ళాము. తండ్రి చాలాసేపు పలకలేదు. చివరకు, "ఈ మాట ముందే చెప్తే పోయేదిగా నాయనా" అని కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ కుర్రవాడు ఇప్పుడు బి.ఫార్మసీ చదువుతున్నాడు. మొదటి సెమిస్టరులో ఒక సబ్జెక్టు తప్పాడు; నోటు పుస్తకంలో వేళలు మార్చి వ్రాసుకున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు తల్లి మాత్రల పొట్లాలపై పొద్దున, రాత్రి అని గుర్తులు పెట్టి వెళతాడు.

మేము ఇప్పుడు అతణ్ణి పేరు పెట్టే పిలుస్తున్నాము.